ఇంటర్నెట్ లేకపోయినా వీడియో ప్లే అవుతుందని అమ్మి, మోసం చేశారు

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

విషయం: ఆఫ్‌లైన్ ఫైల్‌లో వీడియోలు ప్లే కాకపోవడం, డబ్బు వాపసు గురించి

నమస్కారం. నేను హైదరాబాద్ పాతబస్తీలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. మీ స్లయిడ్ల యాప్ ఏడాది ప్లాన్ 3,600 రూపాయలు పెట్టి కొన్నాను, స్కూలు డబ్బు కాదు, నా జీతంలోంచి. కొన్నది ఒక్క కారణానికే. మీ ప్లాన్ల పేజీలో "ఇంటర్నెట్ లేకుండా కూడా ప్రజెంట్ చేయండి" అని పెద్ద అక్షరాల్లో ఉంది. మా స్కూలు హాల్లో నెట్ రాదు, పాత కట్టడం, గోడలు మందం, లోపల ఫోన్‌కి సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప. అందుకే ఆ వాక్యం నాకు అంత ముఖ్యం.

సెప్టెంబర్ 28న మా తొమ్మిదో తరగతి పిల్లలు అరవై మందికి మూసీ వరద గురించి చెప్పాలనుకున్నాను. 1908లో అదే తేదీన మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. పదిహేను వేల మంది దాకా చనిపోయారని చెబుతారు. మా పిల్లల్లో చాలామంది ఇళ్ళు ఆ నదికి దగ్గర్లోనే ఉన్నాయి, రోజూ వంతెన దాటి వస్తారు, కానీ వాళ్ళకి తెలిసిన మూసీ అంటే ముక్కు మూసుకుని దాటే మురికి కాలువ. ఆ నది మనుషుల్ని ఎత్తుకుపోయిందంటే నమ్మరు. నిరుడు ఇదే పాఠం ఫొటోలతో చెప్పాను, ఒక్కరూ తల ఎత్తలేదు. నీటి వేగం ఫొటోలో కనిపించదు కదా, దాన్ని కదులుతుండగా చూడాల్సిందే.

అందుకని ఈసారి మూడు చిన్న వీడియోలు తీశాను. మొదటిది గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ జలాశయం గేట్లు ఎత్తినప్పుడు నీళ్ళు కిందికి దూకడం, 22 సెకన్లు. ఆ వరద తర్వాతే, అలాంటిది మళ్ళీ రాకుండా దారి చెప్పమని ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. అంటే ఆ గేట్లు చూపిస్తే వరదా, దాని తర్వాత మనుషులు చేసిన పనీ రెండూ ఒక్క చోట కనిపిస్తాయి. రెండోది 1578లో కట్టిన పురానాపూల్ మీద నడుస్తూ తీసింది. మిగతా వంతెనలు కొట్టుకుపోతే నిలబడింది అదొక్కటే. మూడోది నాకు అన్నిటికన్నా విలువైనది. మా వీధిలో ఒక పెద్దాయన, వాళ్ళ నానమ్మ చెప్పిన మాటల్ని దక్కనీ ఉర్దూలో చెబుతారు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికిన సంగతి. 40 సెకన్లు. కింద తెలుగు అక్షరాలు వేయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

స్లయిడ్లలో వీడియో పెట్టడం నాకు కొత్త కాదు. అర నిమిషం దాటితే పిల్లలు సినిమా చూస్తున్నట్టు వెనక్కి వాలిపోతారు, టీచర్ మాట వినరు. స్లయిడ్ తెరవగానే దానంతటదే మొదలైతే మన మాట మధ్యలో తెగిపోతుంది, అందుకే నొక్కితేనే మొదలయ్యేలా పెట్టుకుంటాను. ముందు ప్రశ్న అడిగి, తర్వాత వీడియో చూపించి, మళ్ళీ అదే ప్రశ్న అడుగుతాను. పెద్దాయన క్లిప్ ఒక్కటే కొంచెం పొడుగు, అది కోయడానికి మనసు ఒప్పలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "మీరు సరిగ్గా వాడలేదేమో" అనే జవాబు మళ్ళీ నాకు పంపకండి.

మీ యాప్‌లో మూడూ ఎక్కించి, "ఆఫ్‌లైన్ కాపీ" నొక్కి డౌన్‌లోడ్ చేశాను. ఇంట్లో లాప్‌టాప్‌లో మూడుసార్లు చూసుకున్నాను, చక్కగా నడిచాయి. హాల్లో ప్రొజెక్టర్‌కి కలిపి గేట్ల స్లయిడ్ తెరిచి నొక్కితే నల్లటి చతురస్రం, మధ్యలో తిరుగుతున్న చక్రం. రెండో వీడియో అంతే, మూడోదీ అంతే. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను, కిటికీ దగ్గరికి పరిగెత్తాను, పది నిమిషాలు అలాగే పోయాయి. చివరికి నా ఫోన్‌లో ఉన్న క్లిప్‌నే చేత్తో పైకెత్తి పట్టుకుని వరస వరసకీ తిరిగి చూపించాను. వెనక కూర్చున్నవాళ్ళకి ఏమీ కనపడలేదు. పెద్దాయన మాట ఎవరికీ సరిగ్గా వినపడలేదు. "టీచర్, ఆ తాత ఏమన్నాడు?" అని అడుగుతూనే ఉన్నారు, ఈలోపు పీరియడ్ బెల్ కొట్టేశారు.

ఇంటికొచ్చి ఫైల్ చూస్తే అప్పుడు అర్థమైంది. నేను ఎక్కించిన మూడు క్లిప్‌లు కలిపి 140 ఎంబీ పైన. మీరిచ్చిన "ఆఫ్‌లైన్ కాపీ" 6 ఎంబీ. సెకనుకి 5 మెగాబిట్ల మామూలు వీడియో అయినా నిమిషానికి 37 ఎంబీ దాకా వస్తుంది, మరి అన్ని వీడియోలు 6 ఎంబీలో ఎలా కూర్చుంటాయి? కూర్చోలేదు. మీరు ఫైల్‌లో పెట్టింది వీడియో కాదు, మీ సర్వర్‌కి లింకు. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి వెనకాల నుంచి తెచ్చి చూపించింది, హాల్లో నెట్ లేదు కాబట్టి చేతులెత్తేసింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. నేను ముందే సరిచూసుకున్నాను, ఆ సరిచూడటాన్ని కూడా మీ యాప్ వమ్ము చేసింది. వీడియో లోపల ఉందా, బయట ఉందా అన్నది ఎక్కడా ఒక్క ముక్క చెప్పలేదు.

ఇంకోటి కూడా ఉంది. పురానాపూల్ క్లిప్‌ని మొదట మా సహ టీచర్ ఐఫోన్‌లో తీశారు. ఆ ఫోన్లు 2017 నుంచి హెచ్‌ఈవీసీ అనే ఫార్మాట్‌లో తీస్తున్నాయి, కొన్ని కంప్యూటర్లలో అది నడవదు. మీ యాప్ దాన్ని తీసుకుని "అప్‌లోడ్ పూర్తయింది" అని పచ్చ టిక్కు పెట్టింది. తర్వాత చూస్తే శబ్దం ఉంది, బొమ్మ లేదు. దాదాపు అన్ని కంప్యూటర్లలో నడిచే హెచ్.264 ఎంపీ4గా మార్చుకోమని చెప్పే తెలివి ఆ టిక్కుకి ఉంటే నాకు ఒక సాయంత్రం మిగిలేది.

మీకు ఆ రోజే రాశాను. నాలుగో రోజు జవాబు వచ్చింది, బ్రౌజర్ కాష్ క్లియర్ చేయమని. నెట్ లేని హాల్లో, డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌కి, బ్రౌజర్ ఎక్కడిది? నేను తిరిగి రాసేలోపే టికెట్ మూసేశారు. తర్వాత చాట్‌లో మీ ప్రతినిధి, "ఆఫ్‌లైన్ వీడియో ఇంకా పెద్ద ప్లాన్‌లో మాత్రమే వస్తుంది మేడమ్" అన్నారు. ఆ మాట ప్లాన్ల పేజీలో ఎక్కడుందో చూపించమంటే చాట్ తెగిపోయింది. రెండో తేదీన ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను, కొన్నప్పటి రసీదు, రెండు ఫైళ్ళ సైజులు, చాట్ మొత్తం నా దగ్గర ఉన్నాయి, ఈ లేఖతో జత చేస్తున్నాను.

నా 3,600 రూపాయలు పూర్తిగా వెనక్కివ్వాలి, వాడిన నెలలు కోసుకుంటే ఒప్పుకోను, ఎందుకంటే నేను కొన్న పని ఒక్కసారి కూడా జరగలేదు. ప్లాన్ల పేజీలో ఆఫ్‌లైన్ అన్న మాట పక్కనే వీడియోలు రావని తెలుగులోనో ఇంగ్లీషులోనో స్పష్టంగా రాయాలి. డౌన్‌లోడ్ నొక్కినప్పుడు "ఈ ఫైల్‌లో మూడు వీడియోలు లేవు, నెట్ ఉంటేనే నడుస్తాయి" అని ఒక్క లైను చూపిస్తే చాలు, టీచర్లయినా ఇంకెవరైనా క్లిప్‌లు పెన్‌డ్రైవ్‌లో వేరుగా పెట్టుకుంటారు.

15 రోజుల్లో సరైన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను. అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ ఆఫీసు ఏ ఊళ్ళో ఉన్నా, 2019 చట్టం ప్రకారం నేను ఉన్న చోటే కేసు వేయవచ్చు.

ఆ పాఠాన్ని వచ్చే వారం మళ్ళీ చెప్పబోతున్నాను, ఈసారి వీడియోలు పెన్‌డ్రైవ్‌లో వేరుగా తీసుకెళ్తున్నాను. పెద్దాయన కూడా వస్తానన్నారు.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
హైదరాబాద్