ప్రార్థన కాగానే గేటు మూయకండి

సంపాదకులకు,

ఒంగోలు, కావలి, నెల్లూరు పట్టణాల్లో తెల్లవారుజాము ప్రార్థన పెట్టుకునే క్రైస్తవ సంఘాలు చాలా ఉన్నాయి. ఆమేన్ అనగానే మందిరం గేటుకు తాళం పడుతుంది. వచ్చినవాళ్లలో షుగర్, బీపీ ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఒకసారి ఇంట్లో అడుగుపెట్టాక మళ్లీ వాకింగ్‌కు బయల్దేరడం, ముఖ్యంగా ఆడవాళ్లకు, జరిగే పని కాదు. గేటు ఏడింటిదాకా తీసి ఉంచితే ఆవరణ చుట్టూనే నడుచుకుంటారు. కుక్కల బెడద ఉండదు, లారీల భయం ఉండదు.

శరీర సాధకం (వ్యాయామం) కొంచెం మట్టుకే ప్రయోజనమని బైబిల్లో పౌలు అన్న మాటను అడ్డం పెట్టేవాళ్లు ఉంటారు. ఆ కొంచెమైనా చేస్తే కదా! 1854 జనవరి 1న వేకువనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు మరికొందరితో కలిసి మన ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ప్రార్థనకు కాళ్ల కష్టం ఈ ఊళ్లో కొత్త కాదు.

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. వేగం కొలవడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. రెండు చరణాలు తడబడకుండా పాడేస్తున్నారంటే నడక చాలలేదు. రెండు మాటలకే ఆయాసం వస్తుంటే ఎక్కువైంది. కాబట్టి పాటలన్నీ మొదటి అయిదు నిమిషాల నెమ్మది నడకలోనే పాడుకోవాలి. తర్వాతి అరగంట వేగంలో పొట్టి పొట్టి మాటల విజ్ఞాపన సరిపోతుంది: ఒక్కో చుట్టు ఒక్కో కుటుంబం కోసం. చివరి అయిదు నిమిషాలు వేగం తగ్గించుకుంటూ వాక్యం కంఠస్థం చేయవచ్చు. 119వ కీర్తన ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంది. రోజుకొక వచనం చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకుంటే చాలు.

చదవడం మాత్రం కూర్చున్నాకే. ఫోన్‌లో బైబిల్ చూస్తూ నడిస్తే మెడ వంగుతుంది, వేగం పడిపోతుంది, కాలి కింద రాయి కనబడదు. రోడ్డెక్కక తప్పనివాళ్లు ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడిపక్కన నడవాలి. అక్కడ ఇయర్‌ఫోన్లలో సందేశాలు వద్దే వద్దు. మే నెలలో ఆరున్నరకే ముగించాలి. మన కోస్తా ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. మందిరంలో కుర్చీలు ఉండనే ఉన్నాయి. చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చుని, కాస్త ఆగి మరో పది. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది కనుక వెనక గోడకు ఆనించాలి. మోకరించాక లేవలేకపోతున్నామనే వాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. వట్టి గచ్చు మీద గంటల తరబడి మోకరిస్తే మోకాలి చిప్ప ముందు వాపు వస్తుంది. దుప్పటి నాలుగు మడతలు పెట్టి వేసుకోవాలి. బీపీ మాత్రలు వాడేవాళ్లకు గబుక్కున లేస్తే కళ్లు తిరగవచ్చు. ముందు కుర్చీలో ఒక నిమిషం కూర్చుని లేవడం మంచిది.

అన్నిటికన్నా జాగ్రత్త ఉపవాస దినాల్లో కావాలి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడుతూ, ఏమీ తినకుండా వేగంగా నడిస్తే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, గుండెదడ మొదలైతే అక్కడే కూర్చుని మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటకూ తగ్గకపోతే మళ్లీ అంతే తాగాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఉపవాసం చెడుతుందని పంచదార వద్దనే మొండివాళ్లూ ఉంటారు. మాత్రల మోతాదు సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోమని, ఆ రోజు నడక మానేయమని పాస్టరు గారు ఉపవాస ప్రార్థన ప్రకటనతో పాటే చెబితే వింటారు.

– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, ఒంగోలు