ఆ కట్టలు విప్పించండి

గౌరవనీయులైన రికార్డుల అధికారి గారికి,

మీ దగ్గరున్న పాత మద్రాసు స్థల పత్రాల కట్టలు చూడనివ్వమని చేసుకున్న విన్నపాలకు జవాబు రానందున నలుగురి ముందు రాస్తున్నాను. 1746లో మద్రాసు ఫ్రెంచివారి చేత చిక్కాక, సెయింట్ జార్జి కోట పక్కన భారతీయులుండే పాత బ్లాక్‌టౌన్‌ను కొంత వాళ్లు, మిగతాది తర్వాత ఈస్టిండియా కంపెనీవారు కూల్చేశారు. మన తెలుగు వర్తకుల, దుబాసీల (దొరలకు మాట, బేరం కుదిర్చే మధ్యవర్తుల) ఇళ్లు ఎలా ఉండేవో ఇక కాగితాలే చెప్పాలి. నగరంలోని పాత వర్తకపేట జార్జిటౌన్‌లో మిగిలిన పాత ఇళ్లూ పోతున్నాయి. టేకు దూలాల మీద సన్నిటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో బిగించిన మద్రాసు టెర్రస్ కప్పును మేము కొలుచుకునేలోపే గునపం దిగుతోంది.

మీ సిబ్బంది మాత్రం “కట్టలు శిథిలంగా ఉన్నాయి, తర్వాత రండి” అంటున్నారు. తర్వాతైతే బాగుపడతాయా? నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయికి ఫెలోషిప్ గడువు దగ్గరపడింది, చదువు మానేస్తానంటోంది.

18వ శతాబ్దపు స్థల పత్రాలు, పటాలు చూసేందుకు తేదీ ఖరారు చేయండి. ముట్టుకోకూడనివాటికి స్కాన్ ప్రతులు ఇప్పించండి. కుదరదంటే కారణం రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
ఒక వాస్తుచరిత్ర ఉపాధ్యాయుడు, చెన్నై