ఫ్లెక్సీలు చాలు, మైదానం సంగతి చూడండి

సంపాదకుడు గారికి,

2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశం 28 స్వర్ణాలతో సహా 107 పతకాలు గెలిచి నాలుగో స్థానంలో నిలిచిందని మీ పత్రికలో చదివి పొంగిపోయాను. 2018లో జకార్తాలో వచ్చినవి 70. విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ ఒక్కతే విలువిద్యలో మూడు స్వర్ణాల్లో భాగమైంది. ఇంతవరకూ సంతోషమే. ఆ తర్వాత మా కూడలిలో వెలిసిన ఫ్లెక్సీ చూసి మాత్రం ఒళ్లు మండింది. అందులో హర్డిల్స్‌లో (అడ్డంకులు దూకుతూ సాగే పరుగులో) రజతం తెచ్చిన మన విశాఖ బిడ్డ యర్రాజి జ్యోతి బొమ్మ కంటే నాయకుల బొమ్మలే పెద్దవి.

ఆ 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ చూసినవారు మరిచిపోలేరు. తుపాకి పేలకముందే ముందుకు దూకింది చైనా అమ్మాయి. వేటు మాత్రం మన అమ్మాయిపైనా పడబోయింది. జ్యోతి తలవంచుకుని వెళ్లిపోలేదు. అధికారులతో అక్కడే వాదించి, ఆ గందరగోళంలోనే పది హర్డిల్స్ దాటి 12.91 సెకన్లలో పరుగు ముగించింది. మొదట మూడో స్థానమన్నారు, రెండో స్థానంలో వచ్చిన చైనా అమ్మాయిపై వేటు పడటంతో చివరికి రజతం దక్కింది. తండ్రి సెక్యూరిటీ గార్డు. పోర్టు హైస్కూలులో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పొడవు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తించారు. ఆ తర్వాత శిక్షణ కోసం హైదరాబాద్, గుంటూరు, చివరికి భువనేశ్వర్ వెళ్లవలసి వచ్చింది. మరి ఫ్లెక్సీలో నవ్వుతున్న పెద్దలు ఆమెకు చేసిందేమిటి?

మా వార్డు మైదానం చూస్తే జవాబు తెలుస్తుంది. అక్కడ ఎగ్జిబిషన్ పెట్టినవాళ్లు వెళ్లిపోయారు గాని, షామియానా మేకుల గుంతలు అలాగే ఉన్నాయి. పిల్లలు ఇటుకల మీద వెదురు కర్ర పెట్టి దూకుతున్నారు. మహిళల హర్డిల్ ఎత్తు సుమారు 84 సెంటీమీటర్లు. అంత ఎత్తు దాటి ఒంటికాలిపై దిగేటప్పుడు పాదం గుంతలో పడితే ఆ పిల్ల ఆట అక్కడితో సరి. అర్జీలు పెడితే ఫైలు పైకి పంపామంటారు. ఆ పైన ఎవరున్నారో ఎవరూ చెప్పరు. బడుల్లో ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించడం రివాజైపోయింది. మధురవాడలో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం ఉంది, మంచిదే. పరుగెత్తే పిల్లలు ఎక్కడికి పోవాలి?

హాంగ్‌జౌ తర్వాతి ఆసియా క్రీడలు 2026లో జపాన్‌లో. ఈ దీపావళికి బాణసంచా దుకాణాలకు మా మైదానం ఇవ్వకండి. గుంతలు పూడ్చి, చదును చేయించి, పది హర్డిల్స్ కొనివ్వండి. సాయంత్రాలు శిక్షకుడిని నియమించండి.

— విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, విశాఖపట్నం