అవ్వా, ఆపరేషన్ కాలేదు

ముసఫ్ఫా, అబుదాబి
ఆగస్టు 17

అవ్వకు, బాపుకు దండాలు.

నేను బాగున్నాను. మాట వరసకు రాయడం లేదు, నిజంగానే బాగున్నాను. నాకు ఆపరేషన్ అయిందని పక్క ఊరి వాడు ఫోన్‌లో చెప్పాడట కదా, ముందు ఆ ముచ్చట తేల్చేస్తాను. నాకు ఏ ఆపరేషనూ కాలేదు. గుండెకు ఏమీ కాలేదు, కిడ్నీలో రాయి కూడా లేదు. డాక్టర్ దగ్గరికి పోయింది నిజమే, కంపెనీ వ్యాన్‌లో ఎక్కించుకొని పోయిందీ నిజమే. పక్క ఊరి వాడు చూసింది అంతవరకే. మిగతాదంతా వాడు ఫోన్‌లో కలిపిన మసాలా. అసలు సంగతి చెప్పాలంటే సిగ్గే గానీ, ఐదు రోజులు నాకు మోషన్ కాలేదు. అంతే.

దాచిపెట్టానని కోపం చేశావట. ఎట్లా చెప్పమంటావు? ఇక్కడ రూంలో ఎనిమిది మందిమి ఉంటాం. అక్కడ నువ్వేమో స్పీకర్ ఆన్ చేసి అరుగు మీద కూర్చుంటావు, వాడకట్టంతా బాగోగులు అడుగుతుంది. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది, నడుమ నా కడుపు సంగతి! అందుకే చాలా ఏళ్లకు కాగితం పట్టాను. దోస్తు ఎల్లుండి సెలవు మీద వస్తున్నాడు, వాడి చేతికి ఇస్తున్నాను. చెల్లె, చదివి వినిపించేది నువ్వే కదా, నవ్వకుండా చదువు. పక్కింటి పెద్దమ్మ ఉన్నప్పుడు మాత్రం తీయకు.

పని ఎప్పటిలాగే ఉంది. షట్టరింగే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించొద్దని ఇక్కడి సర్కారు రూలు, కాబట్టి దాని గురించి దిగులు పడకు. జీతం పడింది.

ఇది ఎట్లా మొదలైందంటే, మా క్యాంపులో పొద్దున నాలుగింటికి లైట్లు వెలుగుతాయి. పావు తక్కువ ఐదుకు బస్సు. మా అంతస్తులో పన్నెండు రూములు, ఆరు లెట్రిన్లు. మనుషుల కంటే ముందు బకెట్లు వరుసలో ఉంటాయి. ఎర్ర బకెట్ వెనుక నీలం, దాని వెనుక పెయింట్ డబ్బా. వంతు వచ్చి లోపల కూర్చున్నామో లేదో తలుపు మీద దెబ్బలు. "భాయ్, జల్దీ! భాయ్, గాడీ ఆగయా!" అట్లా బాదుతుంటే ఎవడికి వస్తుంది చెప్పు? వచ్చేది కూడా లోపలికే పోతుంది. బయటికి వచ్చి చెయ్యి కడుక్కొని బస్సెక్కుతాను. తొమ్మిదింటికి సైట్‌లో మళ్లీ వస్తుంది. అక్కడి లెట్రిన్ డబ్బా ఎండకు పొయ్యిలా కాలుతూ ఉంటుంది, పైగా దూరం. తర్వాత చూద్దాంలే అని బిగబట్టుకుంటాను. డబ్బా దాకా పోవాల్సి వస్తుందని నీళ్లు కూడా తక్కువే తాగేవాణ్ని. సాయంత్రానికి ఆ ఊసే ఉండదు.

డాక్టర్ ఇదే చెప్పాడు. ఎండకు చెమట రూపంలో నీళ్లు పోతాయి, మనం తాగం. అప్పుడు పెద్దపేగు ఉన్న తడిని కూడా మలంలోంచి లాగేసుకుంటుంది. ఎన్ని రోజులు లోపల ఉంటే అంత గట్టిపడుతుందట. వచ్చినప్పుడు పోకుండా మళ్లీ మళ్లీ ఆపుకుంటే, వచ్చిందన్న సంగతి కూడా తెలియకుండా పోతుందట. నాకైతే అది మన ఇంటి అల్లుడి కథే అనిపించింది. పిలిచినప్పుడు వస్తాడు, మర్యాద చేయకపోతే అలిగి కూర్చుంటాడు, మళ్లీ కదిలించాలంటే నలుగురు పెద్దమనుషులు పోవాలి. (బావకు ఈ ముక్క చదవకు.)

ఆ రోజు నిచ్చెన దిగుతుంటే కడుపులో మెలిపెట్టింది. కూర్చుండిపోయాను. ఫోర్‌మన్ భయపడి పంపించాడు. అక్కడ కడుపు నొక్కి చూశారు, ఎక్స్‌రే తీశారు. ఫిల్మ్ లైట్‌కు పెట్టి డాక్టర్ నవ్వాడు. బస్తా నింపినట్టు ఉంది లోపల. వాంతులు అయ్యాయా, గాలి పోతోందా, రక్తం పడిందా, బరువు తగ్గావా అని అడిగాడు. ఇవేవీ లేవన్నాక మలయాళీ నర్సుకు చెప్పి ఎనిమా పెట్టించాడు. ఆ తర్వాతి అరగంట గురించి రాయను. కానీ అవ్వా, బయటికి వచ్చి గోడకు ఆనుకొని నిలబడితే ఒళ్లంతా దూది పింజలా తేలిపోయింది. నీ చారన్నం గుర్తొచ్చింది.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆముదం తాగించేదానివి కదా. పొద్దున్నే ముక్కు మూసి, తొడల మధ్య బిగించి పట్టుకొని గొంతులో పోసేదానివి. చెల్లె చింతచెట్టు ఎక్కి కూర్చునేది. తాగినవాళ్లకు బెల్లం ముక్క, మధ్యాహ్నం మిరియాల చారుతో మెత్తటి అన్నం. ఆ అన్నం కోసమైనా తాగొచ్చు అనిపించేది. ఆ సంగతి చెబితే డాక్టర్, ఎప్పుడో ఒకసారి అయితే సరే, రోజూ తాగేది కాదు అన్నాడు. ఆముదం పేగును కొట్టి లేపుతుందట. ఈ మాట ఎందుకు రాస్తున్నానో కింద చదివితే తెలుస్తుంది.

నాకు ఒక తియ్యటి సిరప్ ఇచ్చాడు, రెండు రోజులకు గానీ దాని పని కనిపించలేదు. తర్వాత రోజూ ఇసబ్గోల్ పొట్టు వేసుకోమన్నాడు. క్యాంపు పక్కన కిరాణా నడిపే సేట్ గుజరాతీ. ప్యాకెట్ చేతిలో పెట్టి, ఇది మా ఉంఝా మార్కెట్‌లో జీలకర్రతో పాటు బస్తాలు బస్తాలు అమ్ముడుపోతుంది అని మురిసిపోయాడు. మొదటి రోజు నేను తెలివి ఉపయోగించి రెండు చెంచాలు గ్లాసులో వేశాను. అంతలో నీ ఫోన్. మాట్లాడి వచ్చేసరికి గ్లాసులో నీళ్లు లేవు, గట్క ఉంది. చెంచా నిలబెడితే నిలబడింది. రూంలో వాళ్లు పడీ పడీ నవ్వారు. మొండిగా అదే మింగాను, రాత్రంతా కడుపు ఉబ్బి డప్పు. ఒక చెంచాతో మొదలుపెట్టి, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి, కలిపిన వెంటనే తాగెయ్యాలట. పైన ఇంకో గ్లాసు నీళ్లు. తాగి వెంటనే పడుకోవద్దు. నీళ్లు లేకపోతే అదే లోపల అడ్డం పడుతుంది.

తిండి కూడా మార్చాం. ఇన్నాళ్లూ పొద్దున ఖుబ్బూస్ అనే ఇక్కడి రొట్టె, గుడ్డు. మధ్యాహ్నం అన్నం, కోడి కూర. రాత్రి మళ్లీ ఖుబ్బూస్. ఖుబ్బూస్ అంటే మైదానే, గోధుమలో పొట్టంతా తీసేశాక మిగిలేది. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలట. నా పళ్లెంలో అందులో సగమైనా ఉందో లేదో. నువ్వు జొన్న రొట్టె కొట్టి, పుంటికూర పప్పు పెడితే పళ్లెం నెట్టేసి పరోటా కావాలని ఏడ్చిన రోజులు ఉన్నాయి. ఇప్పుడు జొన్నపిండి ప్యాకెట్ ధర చూసి, పట్టుకొని, మళ్లీ షెల్ఫ్‌లో పెట్టి వచ్చాను. పాలకూర, బెండకాయ, కీర దోస మాత్రం కొంటున్నాం. వంట వంతు నాదైన రోజు పెసరపప్పులో పాలకూర కట్ట వేసేస్తాను. కోడి ఏది అని తమిళాయన అలుగుతాడు. ఇక్కడ లబన్ అని మజ్జిగ సీసాల్లో అమ్ముతారు, చిక్కగా ఉంటుంది. అందులో నీళ్లు, ఉప్పు, పచ్చిమిర్చి వేసి కలిపితే నీ చేతి మజ్జిగకు దగ్గరగా వస్తుంది. దగ్గరగా మాత్రమే. దొడ్లో జామచెట్టు కాసిందా ఈసారి? గింజలతో సహా నమిలి తినండి, ఉమ్మేయకండి.

ఇప్పుడు మూడున్నరకే లేస్తున్నాను. రెండు గ్లాసులు గోరువెచ్చటి నీళ్లు తాగి, రాత్రి మిగిలింది ఏదైనా నాలుగు ముద్దలు తిని పోతాను. కడుపులో ఏదైనా పడితే కింది పేగు కదులుతుందట, అందుకే తిన్నాక పోవడం మంచిదన్నారు. ఆ టైంలో వరుసలో ఎవరూ ఉండరు, తలుపు కొట్టేవాళ్లు లేరు. పది నిమిషాలు నావి. రోజూ కావాలనే పట్టింపు కూడా లేదు, రోజుకు మూడుసార్లయినా వారానికి మూడుసార్లయినా కష్టం లేకుండా అయితే మామూలేనట.

బాపు సంగతి. బీడీ ముట్టిస్తే గానీ కదలదంటాడు, నలభై ఏళ్లుగా వింటున్నాం. అది వదిలెయ్. రక్తం పడుతోంది, మొలలే, పాతవే అన్నాడని చెల్లె చెప్పింది. మొలలే కావచ్చు. కానీ ఆ వయసులో రక్తం పడితే, ఉన్నట్టుండి అలవాటు మారితే చూపించుకోవాల్సిందే అని డాక్టర్ గట్టిగా అన్నాడు. మొలలు మాయం చేస్తామని బోర్డు పెట్టిన చోటికి కాదు, జగిత్యాల పెద్ద దవాఖానాకు తీసుకుపో. పొలం పని ఉందంటే వినకు. నేను అడిగానని చెప్పు.

ఇక నీ సంగతి. నువ్వు అనలేదు, చెల్లె చెప్పింది. వారానికి రెండుసార్లు ఆముదం తాగుతున్నావట. మోకాళ్లు వంగక, కూర్చుంటే లేవలేక, బాత్రూం పోవడమే వాయిదా వేస్తున్నావట. రాత్రి దొడ్డి చివరిదాకా పోవాలని సాయంత్రం నుంచి నీళ్లు బంద్. అవ్వా, నేను సైట్‌లో చేసింది కూడా అచ్చం ఇదే. నన్ను తిట్టావు కదా, ఇప్పుడు ఎవరు ఎవరిని తిట్టాలి?

రక్తం తక్కువని ఐరన్ గోళీలు వేసుకుంటున్నావు. నల్లగా రావడం వాటి వల్లనే, గట్టిపడటం కూడా చాలామందికి వాటి వల్లనే. అలాగని నీకు నువ్వు మానేయకు. ఇచ్చిన డాక్టరమ్మకే చెప్పు, గోళీ మారుస్తుంది, లేదా రోజు విడిచి రోజు వేసుకోమంటుంది. తారులా జిగటగా వస్తే మాత్రం ఆగకుండా అదే రోజు పోవాలి. ఇసబ్గోల్ వేసుకుంటే గోళీలకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి.

సర్కారు ఇచ్చిన పన్నెండు వేలతో కట్టిన బాత్రూమే మనది, అప్పట్లో అదే గొప్ప. ఇప్పుడు దానిలో కమోడ్ పెట్టించండి. అప్పటిదాకా మెడికల్ షాపులో నడుమ బొక్క ఉన్న కుర్చీ దొరుకుతుంది, సీటు మీద వేసుకొని కూర్చోవచ్చు, రేపే తెప్పించండి. దొడ్డి దాకా ఒక లైటు. పదిహేను వేలు పంపుతున్నాను, చిట్టీకి కట్టొద్దు, చెల్లె పెళ్లి అప్పుకూ ఇవ్వొద్దు. వాటి సంగతి వచ్చే నెల చూద్దాం. నువ్వు ఖర్చు ఖర్చు అంటావని తెలుసు. నేను ఇక్కడ ఆరు లెట్రిన్లకు తొంభై మందిమి నిలబడేది నువ్వు చీకట్లో దొడ్డి చివర గోడ పట్టుకొని నడవడానికా?

దోస్తు సంచిలో ఖర్జూరాలు రెండు కిలోలు, బాపుకు టార్చిలైటు, చిన్నోడికి బూట్లు ఉన్నాయి. ఖర్జూరాలు రాత్రి నాలుగు నానబెట్టి పొద్దున తిను, షుగర్ ఉన్న పెద్దమ్మకు పెట్టకు. ఇసబ్గోల్ పంపడం లేదు, అది మన దేశం నుంచే ఇక్కడికి వస్తోంది.

కమోడ్ పెట్టాక ఫొటో పంపమని చెల్లెకు చెప్పు. ఫోన్‌లో మాత్రం దాని గురించి ఏమీ అడగను, నువ్వూ అనకు. అయింది అని ఒక్క మాట అను, నాకు అర్థమవుతుంది.

పదకొండు దాటింది. బకెట్ ఇప్పుడే వరుసలో మొదట పెట్టి వచ్చాను.

నీ కొడుకు