విశ్వానికి నడిమధ్య అంటూ ఒక చోటు లేదు

సంపాదకులకు నమస్కారం.

మా ప్రాంతంలో ఇటీవల జరిగిన ఒక విజ్ఞాన ప్రదర్శనలో ఎనిమిదో తరగతి అమ్మాయి తన అట్ట మీద "విశ్వం వ్యాకోచిస్తోంది, దానికి కేంద్రం లేదు" అని రాసింది. న్యాయనిర్ణేత ఒకరు ఆ వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టివేసి, "పేలుడు జరిగిన చోటే కేంద్రం" అని పైన రాసి, మార్కులు తగ్గించారు. అమ్మాయి రాసిందే సరైనది. అయినా ఆయన ఒక్కరినే తప్పుపట్టలేను. చీకట్లో ఒక నిప్పుముద్ద పగిలి నలువైపులా చిమ్ముతున్నట్టు పత్రికల్లో, పాఠశాల గోడల మీద వేసే బొమ్మే ఇన్నేళ్లుగా మన మనసుల్లో పాతుకుపోయింది.

సగం చిక్కు మాటలోనే ఉంది. విశ్వం తొలినాటి వేడి, చిక్కని స్థితి నుంచి వ్యాకోచిస్తూ వచ్చిందనే సిద్ధాంతానికి 'బిగ్ బ్యాంగ్' అన్న పేరు 1949లో బీబీసీ రేడియో ప్రసంగంలో ఫ్రెడ్ హోయెల్ నోట వచ్చింది. ఆయన ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోని శాస్త్రవేత్త. దానిని మనం 'మహా విస్ఫోటనం' అని తెచ్చుకున్నాక, విన్నవారికి బాంబూ అది పడిన చోటూ గుర్తుకు రాక మానవు. నిజానికి 1927లో బెల్జియం శాస్త్రవేత్త లెమైత్ర్ లెక్కగట్టి, 1929లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హబుల్ పరిశీలనలతో బలపడిన విషయం వేరు: నేటి కొలతల ప్రకారం ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు సుమారు 70 కిలోమీటర్ల చొప్పున దూరపు గెలాక్సీలు మన నుంచి దూరమవుతున్నాయి, ఎందుకంటే వాటికీ మనకూ నడుమనున్న చోటే సాగుతోంది.

తరగతిలో నేను దర్జీలు వాడే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ మీద అంగుళానికో సిరాచుక్క పెట్టి, పిల్లల చేత రెట్టింపు పొడవుకు లాగించేవాణ్ణి. ఏ చుక్క మీద వేలుంచి చూసినా దాని పక్క చుక్క ఒక అంగుళం, ఆ అవతలిది రెండు, మూడోది మూడు అంగుళాలు దూరం జరిగి ఉంటుంది. "పట్టీకి మధ్య ఉంది కదా సార్" అని ఎవరో ఒకరు తప్పక అడిగేవారు; అది చాలా మంచి ప్రశ్న. అప్పుడు కొసలు రెండూ కలిపి కుట్టించేవాణ్ణి. ఆ చుట్టు మీద చీమ ఎంత తిరిగినా అంచూ దొరకదు, మధ్యా దొరకదు. లోపలి ఖాళీలో ఉన్న బిందువు పట్టీ మీదిది కానే కాదు. విశ్వం అలా చుట్టుకుని ఉందని నా ఉద్దేశం కాదు. మన కొలతలకు అందినంత మేర అది వంపు లేకుండా చదునుగానే ఉంది, అనంతమైనా కావచ్చు.

1965లో అమెరికా శాస్త్రవేత్తలు పెంజియాస్, విల్సన్ ప్రకటించిన సూక్ష్మతరంగ వికిరణం దీనికి గట్టి సాక్ష్యం. తొలినాళ్ల వేడికి మిగిలిన ఆ జాడ, మన కదలిక వల్ల కలిగే తేడాను తీసివేస్తే, ఆకాశంలో ఏ దిక్కున చూసినా లక్షలో ఒక వంతు పాటి తేడాతో ఒకేలా ఉంది. అంటే ఆ వేడి ఏదో ఒక చోట కాదు, అన్ని చోట్లా ఉండేది, ఈ ఉత్తరం రాస్తున్న చోటుతో సహా.

కనుక మీ విజ్ఞాన శీర్షికలో ఇకపై ఆ నిప్పుముద్ద బొమ్మను మానివేయవలసిందిగా కోరుతున్నాను. ప్రదర్శన నిర్వాహకులు ఆ అట్టను మరోసారి చూసి, అమ్మాయికి తగ్గించిన మార్కులు తిరిగి ఇవ్వాలి.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి