సర్వర్‌తో మాటలన్నీ ఒక్క ఫైల్లో పెట్టెయ్

ఒరేయ్ శీనూ,

"కోడ్ కుడివైపుకి జరుగుతూ పోతోంది, స్క్రీన్ చాలట్లేదు" అని రాశావు చూడు, చాలాసేపు నవ్వాను. యూజర్ వివరాలు రాగానే ఆర్డర్లు, ఆర్డర్లు రాగానే ఇన్వాయిస్‌లు, ఒక కాల్‌బ్యాక్ (పని అయ్యాక పిలవమని ఇచ్చే ఫంక్షన్) కడుపులో ఇంకో కాల్‌బ్యాక్. రాసినవాణ్ణి మాత్రం తిట్టకురా. జావాస్క్రిప్ట్ భాషలోకి ప్రామిస్‌లు (జవాబు తర్వాత వస్తుందని ఇచ్చే మాట) వచ్చిందే 2015లో, ఆ జవాబు వచ్చేదాకా ఆగి కింది లైనుకి వెళ్ళే ఎసింక్-అవైట్ 2017లో. నీ కోడ్ అంతకంటే పాతది.

దాన్ని ఎసింక్-అవైట్‌లోకి మార్చడం ఎలాగూ చేస్తావు, పై నుంచి కిందికి హాయిగా చదువుకోవచ్చు. కానీ అంతటితో సరిపెట్టుకోకు. ప్రతి స్క్రీన్లోనూ సర్వర్‌ని అడిగే ఫెచ్ పిలవడం, లాగిన్ గుర్తుగా టోకెన్ తగిలించడం, జేసన్ రూపంలో వచ్చిన డేటా విప్పడం, మళ్ళీ ఎర్రర్లు పట్టుకునే ట్రై-క్యాచ్... అసలు గోల అదీ. అవన్నీ తీసి ఒక్క ఫంక్షన్లో పెట్టు. స్క్రీన్ కోడ్‌కి "ఈ కస్టమర్ ఆర్డర్లు ఇవ్వు" అని అడగడం తప్ప ఇంకేమీ తెలియకూడదు.

ఆ ఫంక్షన్ రాసేటప్పుడు ఒకటి చూసుకో. సర్వర్ 404 (దొరకలేదు) అన్నా, 500 (సర్వర్లోనే తప్పు) అన్నా ఫెచ్ దృష్టిలో అది విజయమే. నెట్ పోయినప్పుడో, బ్రౌజర్ అడ్డుకున్నప్పుడో, నువ్వే రద్దు చేసినప్పుడో తప్ప ప్రామిస్ రిజెక్ట్ కాదు, అంటే ఫెయిలైనట్టు చెప్పదు. నీ క్యాచ్ హాయిగా నిద్రపోతుంటుంది, కోడేమో హెచ్‌టీఎంఎల్ ఎర్రర్ పేజీని జేసన్ అనుకుని విప్పబోయి ఏదో అర్థంకాని ఎర్రర్ ఇస్తుంది. అందుకే ముందు రెస్పాన్స్‌లో 'ఓకే' చూసి, కాకపోతే నువ్వే ఎర్రర్ విసురు. 204 వస్తే లోపల ఏమీ ఉండదు, దాన్ని విప్పకు. టైమవుట్ (ఇంతసేపటికి మించి ఆగకూడదనే గడువు) కూడా అక్కడే పెట్టు, ఫెచ్‌కి దానంతటదిగా టైమవుట్ సెట్టింగ్ లేదు.

అవైట్ చేతికొచ్చాక అందరూ చేసే పని ఇంకోటుంది. ఒకదానితో ఒకటి సంబంధంలేని మూడు రిక్వెస్టులకి వరసగా మూడు అవైట్‌లు పెట్టేస్తారు. మూడు పొయ్యిలుండగా అన్నం, పప్పు, చారు ఒక్క పొయ్యి మీదే వండినట్టు. ఒక్కోటి 400 మిల్లీసెకన్లయితే యూజర్ 1200 ఆగాలి. మూడింటినీ ఒకేసారి పంపి ప్రామిస్ ఆల్‌తో కలిపి ఆగితే దాదాపు 400తో సరి. కాకపోతే ఒక్కటి ఫెయిలైనా మొత్తం ఫెయిల్. డ్యాష్‌బోర్డ్ లాంటి చోట ఆల్‌సెటిల్డ్ మేలు, ఏది వచ్చిందో ఏది పోయిందో విడివిడిగా చెప్తుంది. లిస్టులో ఒక్కోదాన్నీ తిప్పే ఫర్‌ఈచ్ లోపల అవైట్ మాత్రం రాయకు, అది ఎవరికోసమూ ఆగదు.

నీ సెర్చ్ బాక్స్‌లో తప్పు ఫలితాలు వస్తున్న సంగతి. "హైద" కొట్టినప్పటి జవాబు "హైదరాబాద్" జవాబు తర్వాత వచ్చి దాని మీద కూర్చుంటోంది, అంతే. కొత్త అక్షరం పడగానే పాత రిక్వెస్టుని అబార్ట్ కంట్రోలర్‌తో రద్దు చెయ్యి. అలా రద్దయినందుకు వచ్చే ఎర్రర్‌ని యూజర్‌కి చూపించకు, పాపం భయపడతాడు.

ఫెయిలైతే మళ్ళీ ప్రయత్నించే లాజిక్ పెడతానన్నావు. డేటా తెచ్చుకునే గెట్ రిక్వెస్టులకి పెట్టుకో. పేమెంట్ పంపే పోస్ట్ రిక్వెస్టుకి అలా గుడ్డిగా పెడితే డబ్బు రెండుసార్లు కట్ అవ్వొచ్చు, కస్టమర్ ఫోన్లు నువ్వే ఎత్తుకోవాలి.

ఫెచ్ బదులు యాక్సియస్ లైబ్రరీ వేద్దామా అన్నావు. వెయ్యి, తప్పేం లేదు, స్టేటస్ ఎర్రర్లని అదే విసురుతుంది. కానీ ముందు ఆ ఒక్క ఫైల్ రాయి. తర్వాత లోపల ఏం మార్చినా మిగతా కోడ్‌కి తెలియదు.

ఇన్వాయిస్ స్క్రీన్ ఇప్పుడే ముట్టుకోకు, ఆర్డర్లతో మొదలుపెట్టు. ఆదివారం ఫోన్ చెయ్యి, కలిసి చూద్దాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందా?

నీ
ప్రసాద్