గుర్రాలకు నీళ్ల తొట్లు కట్టించండి: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

వరంగల్ మహానగర పాలక సంస్థ కమిషనర్ గారికి నమస్కారం.

మా బాపు వరంగల్ స్టేషన్ నుంచి హన్మకొండకు జట్కా తోలేవారు. మా గుర్రం పేరు లచ్చి. ఉలవల గంజు చప్పుడైతే చాలు, చెవులు నిక్కబొడుచుకుని సకిలించేది. బడి నుంచి రాగానే నా భుజం మీద మూతి పెట్టి వెచ్చగా ఊపిరి వదిలేది. బాపు గిట్ట ఎత్తి పట్టుకుని లాడం పక్కన ఇరుక్కున్న రాళ్లు తీస్తుంటే, అంత పెద్ద జీవి మూడు కాళ్ల మీద కదలకుండా నిలబడేది. ఎంత నమ్మకమో! ఆటోలొచ్చాక జట్కాలు పోయాయి.

ఇప్పుడు మన ఊళ్లో గుర్రాలు కనిపించేది ఎక్కువగా పెళ్లి బరాతుల్లోనే. ఎండాకాలం ముహూర్తాలకు తారు రోడ్డు మీద అలాగే నిలబెడుతున్నారు. గుర్రానికి రోజుకు పాతిక, ముప్పై లీటర్ల నీళ్లు కావాలి, ఎండల్లో ఇంకా ఎక్కువ. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా వాటితో బండి లాగించకూడదని, బరువు మోయించకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఈ మాట ఫంక్షన్ హాళ్లన్నిటికీ నోటీసుగా పంపండి. స్టేషన్ దగ్గర, హన్మకొండ చౌరస్తాలో నీళ్ల తొట్లు కట్టించండి. పశువుల డాక్టర్ అప్పుడప్పుడూ వచ్చి గిట్టలు చూసేలా ఏర్పాటు చేయండి. వేసవి ముహూర్తాలు మొదలయ్యేలోపే ఈ పని కావాలని నా విన్నపం.

ఇట్లు,
మట్టెవాడ నుంచి ఒక జట్కావాలా బిడ్డ